గోదావరీ క్షేత్రమున ఎండకు ఆదాయ వ్యయములు



ఉగాదినాడు పంచాంగశ్రవణమునకు కూర్చుండినప్పుడు ప్రతివాడును తన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత యని చెవియొగ్గి వినును. మనుష్యునకు వలెనే నేలకును ఆదాయ వ్యయములు గలవు. నేలకు వచ్చు ఆదాయము ఎండ. ఆ ఎండ యెంత వచ్చుచున్నది, వచ్చినది యేయే పద్దుల క్రింద ఖర్చగుచున్నది, ఆ ఖర్చులో మార్పు గలిగినచో మన గ్రామములకు సంభవించు లాభనష్టము లెట్టివి అను విషయమును నేడు మీకు మనవిచేయదలచితిని. పంచాంగములోని లెక్క రాశిని బట్టి యుండును. ఈ లెక్క పట్వారీ జమాఖర్చు వంటిది. వచ్చినదానికిని పోయినదానికిని సరిపోవలసినదే.

ఈ లెక్కతో మనకేమి పని యని మీరడుగవచ్చును. 2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాడ్పులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశములు రెంటను కలిపి వేయిమందికి పైగా మరణించిరి. అంతకు ముందటి వానకాలము చాలినంత కురియలేదు. సూర్యుడు ఆ యేడు మనపై ప్రత్యేకముగా ఆగ్రహించి అధికమైన ఎండను పంపలేదు. వడగాడ్పునకు కారణములు పెక్కు గలవు. వాయవ్యమునుండి వచ్చు పొడిగాలి యొకటి. నేలలో తడి లేకుండుట మఱియొకటి. మొదటిది మన చేతిలోనిది కాదు. రెండవది కొంతవఱకు మన చేతిలోనిదే. అందువలన గ్రామమునకు పెద్దలైనవారు ఈ లెక్కను తెలిసికొనుట యావశ్యకము.

మొదట మన నేల యే నదికి చెందినదో చెప్పెదను. నేను నివసించు హవేలిఘనపూరు మెదకు పట్టణమునకు సమీపముననున్నది, 2016లో మండలకేంద్రమైనది. ఈ ప్రాంతమున కురిసిన వాన వాగులవెంట మంజీరకు పోవును. మంజీర మహారాష్ట్రమునందు బీడు జిల్లాలోని బాలాఘాటు కొండలలో పుట్టి, ఆగ్నేయముగా పాఱి, మన మెతుకుసీమలో ఉత్తరమునకు తిరిగి, 724 కిలోమీటర్లు నడచి, నిజామాబాదు జిల్లా కందకుర్తియొద్ద గోదావరిలో కలియును. 1905లో ఈ నదిపై కట్టిన ఘనపూరు ఆనకట్టను మీరందఱును ఎఱుగుదురు. అది మా హవేలిఘనపూరు కాదు, ఏడుపాయల చెంతనున్నది. దాని దిగువను 1931లో పూర్తియైన నిజాంసాగరము, ఎగువను సింగూరు జలాశయము గలవు. గోదావరి త్ర్యంబకమున జనించి సముద్రము చేరునంతవఱకు 1,465 కిలోమీటర్లు. దానికి నీరు చేర్చు నేల 3,12,812 చదరపు కిలోమీటర్లు. ఈ నేలనంతటిని నదియొక్క పరీవాహక ప్రదేశమందురు. దానిని ఒకే కుటుంబమునకు చెందిన పొలముగా భావించి లెక్క చూతము.

ముందుగా భూగోళమంతటి లెక్క. సూర్యునినుండి భూమికి నూఱు రూపాయల ఎండ వచ్చినదనుకొందము. ఇందు సుమారు 30 రూపాయలు మేఘములచేతను, ధూళిచేతను, ఇసుక మంచులవంటి తెల్లని తలములచేతను వెనుకకు త్రిప్పబడి ఆకాశమునకే పోవును. అది చేతికందని సొమ్ము. 23 రూపాయలు గాలిలోని నీటియావిరియు, ధూళియు, మేఘములును దారిలోనే గ్రహించును. మిగిలిన 47 రూపాయలు నేలకును సముద్రమునకును జమయగును. ఈ 47 రూపాయలును మూడు పద్దులక్రింద ఖర్చగును. నీటిని ఆవిరిగా మార్చుటకు సుమారు 25. నేలను తాకిన గాలిని వేడిచేసి పైకి పంపుటకు 5. నేల తన వేడిని కంటికి కనబడని కిరణములుగా పైకి విడుచుటకు 17. ఈ మూడును కలిపిన 47 సరిపోయినది. ఖర్చులన్నిటిలో పెద్దపద్దు నీటిదే యని గమనింపుడు.

సూర్యుడు నీటిని గ్రహించి మఱల నిచ్చుటను కాళిదాసు రఘువంశమున దిలీప మహారాజు పన్నులతో పోల్చెను. మహాకవి రాజనీతిని బోధించుటకై చెప్పిన యుపమానము ప్రకృతిశాస్త్రమున కూడ చక్కగా నిలుచునది. అయితే నీటితో పాటు మఱియొక వస్తువు కూడ మీదికి పోవుచున్నది. అది వేడి.

నీరు ఆవిరియగుటకు వేడి కావలెను. ఆ వేడి నీటిని మఱింత వేడిగా చేయదు, ఆవిరిలో దాగియుండును. ఈ సంగతిని స్కాట్లండు దేశీయుడగు జోసెఫ్ బ్లాక్ అను పండితుడు 1760 ప్రాంతముల కనిపెట్టెను. దీనిని గుప్తోష్ణమందురు. ఇది మన ఇండ్లలో నిత్యము కనబడునదే. వేసవిలో మట్టికుండలోని నీరు చల్లగానుండును, ఇత్తడి బిందెలోని నీరు గోరువెచ్చగానుండును. రెండును ఒకే చూరుక్రింద నున్నవే. కుండ ఒడలినుండి నీరు ఊఱి ఆవిరియగుచు, ఆవిరికి కావలసిన వేడిని లోపలి నీటినుండి లాగికొనును. బిందెకు ఊఱుట లేదు. కనుక వేడి ఖర్చగుటకు దారిలేదు. తడినేల కుండవంటిది, ఎండిన నేల బిందెవంటిది. ఈ రెండు మాటలను జ్ఞాపకముంచుకొనినచో మిగిలిన విషయమంతయు సులభముగా బోధపడును.

ఇప్పుడు మనకు అలవాటైన కొలతలతో లెక్కించెదను. ఎకరము నేలనుండి ఒక్క మిల్లీమీటరు నీరు ఆవిరియైనదన్నచో సుమారు 4,000 లీటర్లు పోయినట్లు. దానికి పట్టు వేడిని విద్యుత్తు లెక్కలో చెప్పినచో 2,750 యూనిట్లు. అయిదు అశ్వశక్తుల మోటారు ఏడువందల గంటలు నడచినచో ఇంచుమించు అంత ఖర్చగును. ఏప్రిలు నెలలో ఆకాశము నిర్మలముగానున్న దినమున మన ప్రాంతపు ఎకరముపై పడు ఎండ ఇంచుమించు 25,000 యూనిట్లు. అందులో కొంత వెనుకకు పోవును, కొంత నేల పైకి విడుచు కిరణములుగా పోవును. సగమునకు కొంచెము పైగా నేల చేతిలో మిగులును. అక్కడ నీరుపెట్టిన వరిమడి యున్నదనుకొనుడు. అది దినమునకు అయిదు మిల్లీమీటర్ల చొప్పున ఆవిరిచేసినచో 13,750 యూనిట్లు ఖర్చయిపోయినవి. గాలిని కాల్చుటకు మిగిలినది అత్యల్పము. ప్రక్కనే బీడుపడిన చలకయున్నది. అక్కడ ఆవిరిచేయుటకు తడి లేదు. ఆ ధనమంతయు నేలను, నేలను తాకిన గాలిని వేడిచేయుటకే పోవును. గాలి 42 డిగ్రీలున్ననాడు ఎండిన నేల పైపొర 55 డిగ్రీలకు మించుట గలదు. చెప్పులులేని కాలికి ఈ లెక్క శాస్త్రము చదువకయే తెలియును.

గాలిని వేడిచేయు ఖర్చునకును నీటిని ఆవిరిచేయు ఖర్చునకును గల నిష్పత్తిని 1926లో బోవెన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు లెక్కకట్టు విధమును తెలిపెను. నేటికిని దానికి ఆయన పేరే. తడి పొలమున ఈ నిష్పత్తి ఒకటికంటె చాల తక్కువ. ఎండిన నేలపై ఒకటికి ఎన్నియో రెట్లు ఎక్కువ. మన భారతదేశమున ఎండను కొలుచు పని నలవఱచినవారిలో అన్నా మణి అను విదుషీమణి ముఖ్యురాలు. ఆమె కూర్చిన సౌరశక్తి కొలతల గ్రంథము 1980లో వెలువడినది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు వి. పి. సుబ్రహ్మణ్యముగారు వాన ఎంత, ఆవిరి ఎంత, మిగులు ఎంత యను జలపు పద్దును శాస్త్రీయముగా లెక్కించు పద్ధతిని మన దేశమున వ్యాపింపజేసిరి.

ఇక కార్తెలను అనుసరించి ఈ నేలయొక్క సంవత్సరపు ఖాతాను పరిశీలింతము.

రోహిణి కార్తెలో నీటిపద్దు శూన్యప్రాయము. చెఱువులడుగంటును, గడ్డి యెండును, రేగడి నెఱ్ఱెలు విచ్చును. వచ్చిన ఎండలో అత్యధికభాగము గాలికి పోవును. వేడెక్కిన గాలి తేలికయై పైకి లేచును. దక్కను పీఠభూమిమీదను, ఉత్తర భారతమునందును గాలి బరువు తగ్గును. సముద్రముపై గాలి బరువుగానుండును గనుక అది తడితో భూమివైపునకు వచ్చును. రోళ్లు పగిలెడి ఎండ వ్యర్థము కాదు. మృగశిరలో వచ్చు నైరృతిగాలికి అది యిచ్చు పిలుపులో నొక భాగము.

ఆర్ద్ర పునర్వసులలో లెక్క తలక్రిందులగును. మేఘములు ఎండను వెనుకకు త్రిప్పుటచే ఆదాయమే తగ్గును. నేల తడిసినందున వచ్చినదానిలో సింహభాగము నీటిపద్దునకు పోవును. అందుచేతనే వానకాలమున రెండు దినములు ఎండకాసినను వడగాలి వీచదు. కార్తిక మార్గశిరములలో నేల మెల్లగా ఆఱుచుండును. పుష్య మాఘ మాసములలో ఆకాశము నిర్మలముగానుండి, గాలిలో తడి తగ్గి, రాత్రులందు నేల తన వేడిని అడ్డులేక పైకి విడుచును. అప్పుడు మెదకు ప్రాంతమున ఉష్ణోగ్రత పది డిగ్రీల దాపునకు దిగుటయు గలదు. మబ్బు పట్టిన రాత్రి యింత చలియుండదు. ఐర్లండులో జన్మించిన జాన్ టిండాల్ అను విద్వాంసుడు 1859 మొదలు చేసిన ప్రయోగములలో, గాలిలోని నీటియావిరియు, బొగ్గుపులుసు వాయువును నేలనుండి వెలువడు వేడికిరణములను పట్టి నిలుపునని నిరూపించెను. మబ్బు నేలకు కప్పిన కంబళి వంటిది. బొగ్గు, పెట్రోలులను దహించుటచే ఆ వాయువు హెచ్చుచుండుటవలన భూమికంతకును కంబళి దట్టమగుచున్నది. ఇది మన గ్రామపు ఖాతాకు పైనుండి వచ్చిపడిన భారము.

ఇంతవఱకు నేల ఖాతా చెప్పితిని. ఆకాశమునకు వేఱుగా ఖాతా గలదు. నేలనుండియు సముద్రమునుండియు ఆవిరితో పాటు మీదికి పోయిన గుప్తోష్ణము, ఆ యావిరి మఱల నీటిబిందువులైనప్పుడు పూర్తిగా వెలికివచ్చును. ఎకరముపై పది మిల్లీమీటర్ల వాన కురిసినదన్నచో ఆ యెకరమునకు మీదనున్న ఆకాశమున 27,500 యూనిట్ల వేడి విడుదలయైనదన్నమాట. ఏప్రిలు నాటి పూర్తి ఎండకంటె నిది హెచ్చు! వాన కురియునాడు మనకు క్రింద చల్లగానున్నను మీద మేఘముల నడుమ గాలి వేడిని పొందుచునే యుండును. ఆ వేడిచే గాలి మఱింత పైకి లేచును, క్రిందినుండి మఱింత తడిగాలి వచ్చును. ఈ విధముగా వాన తనకు తానే బలమిచ్చుకొనును. చివరకు ఆ వేడి కొంత ఇతర దేశములపైకి గాలితో పోవును, కొంత కిరణరూపమున శూన్యమునకు పోవును.

ఈ లెక్కను గోదావరీ క్షేత్రమంతటికిని విస్తరింపజేయుదము. ఒక్క మిల్లీమీటరు వాన ఈ క్షేత్రమంతట సమముగా కురిసినచో 11 టి.ఎం.సి.ల నీరగును. అందుండి వెలువడు వేడి 21,000 కోట్ల యూనిట్లు. పది మిల్లీమీటర్లు కురిసినచో ఆ వేడి, ఇటీవలి కాలమున భారతదేశమునందలి విద్యుత్కేంద్రములన్నియు సంవత్సరము పొడవున ఉత్పత్తిచేయు విద్యుత్తునకు ఇంచుమించు సమానము. ఆ వేడిలో అధికభాగమును సూర్యుడు మనపై పడవేయలేదు. అరేబియా సముద్రముపైనను, బంగాళాఖాతముపైనను నీటికిచ్చెను. గాలి దానిని మోసికొనివచ్చి మన నెత్తిపైని విడిచినది. ఎక్కడనో వసూలైన పన్ను ఇక్కడ వ్యయమగుచున్నది. సహ్యాద్రి దాటునప్పుడు గాలి తన తడిలో చాల భాగమును పడమటి వాలుననే కురిపించును గనుక దాని తూర్పున మరాఠవాడయు, మంజీర ఎగువభాగమును వానకొఱకు ఎదురుచూచును. మఱల తూర్పునకు బస్తరు అడవులు, ఇంద్రావతీ తీరము చేరుసరికి బంగాళాఖాతపు అల్పపీడనములచే వాన హెచ్చును. ఒకే నదీక్షేత్రమున కుటుంబములో కలిగినవారును లేనివారును ఉన్నట్లే యున్నారు.

శాస్త్రజ్ఞులు జిల్లానో రాష్ట్రమునో గాక నదీక్షేత్రమునే ఏల లెక్కకు తీసికొందురు? జిల్లాకు పలు ద్వారములు గలవు; నీరు ఎటునుండి యెటు పోయినదో పట్టుట దుర్లభము. నదీక్షేత్రమున భూమిపై ప్రవహించు నీటికి ఒకటే వాకిలి. కాటన్ దొర 1852లో ఆనకట్ట ముగించిన ధవళేశ్వరము వంటి చోట నిలిచి, క్రిందికి పోయిన నీటిని కొలిచి, మధ్య మార్గమున వాడుకొన్నదానిని కలుపుకొన్నచో నదికి చేరిన మొత్తము తెలియును. అది సంవత్సరమునకు సగటున సుమారు 110 ఘన కిలోమీటర్లు. క్షేత్రమంతట పఱచినచో 350 మిల్లీమీటర్ల లోతు. సగటు వర్షము సుమారు 1,100 మిల్లీమీటర్లు. మిగిలిన 750 మిల్లీమీటర్లు ఏమైనవి? భూమిలో ఇంకినదియు కొన్నియేండ్ల లెక్కలో చూచినచో ఏటికో, వేరులకో, బావికో చేరునదే గనుక, అవి ఆవిరియై పోయినవనియే చెప్పవలెను. కాలువలద్వారా పొలములకు పాఱించిన నీటిలో ఆవిరియైనది దీనిపై అదనము. ఈ 750 మిల్లీమీటర్లకు పట్టిన వేడి, మన నేలపై సంవత్సరము పొడవున పడు ఎండలో నాలుగవవంతునకు కొంచెము పైగా నుండును. ఇట్లు నీటి పద్దు వేడి పద్దునకు సాక్ష్యమిచ్చును. ఒకదానిలో దొంగలెక్క వ్రాసినచో రెండవది బయటపెట్టును. 1990 తరువాత అమెరికాలో మిసిసిపీ నదీక్షేత్రమున ఈ రెండు ఖాతాలను సరిచూచు గొప్ప ప్రయత్నము జరిగినదియు ఇందుచేతనే.

ఇక మన కర్తవ్యమేమి?

మొదటిది. నేలపై పడిన వేడి ఖర్చుకాక తప్పదు. ఏ పద్దున ఖర్చగుననునదే ప్రశ్న. చెఱువును పూడ్చి ఇండ్లస్థలములు చేసినచో, శిఖము భూములను ఆక్రమించినచో, కట్టమీది చెట్లను కొట్టినచో, నీటిపద్దును కొట్టివేసి ఆ మొత్తమును గాలిపద్దున వేసినట్లే. నిండువేసవిలో నూఱు లీటర్ల నీటిని ఆకులద్వారా ఆవిరిచేయు చెట్టు 68 యూనిట్ల వేడిని మన ముంగిటనుండి తొలగించుచున్నది; పైగా నీడ యిచ్చుచున్నది. రచ్చచావడి ప్రక్కన మఱ్ఱినో వేపనో రావినో నాటిన పూర్వులు యూనిట్లు ఎఱుగరు. ఫలితమును మాత్రము ఎఱుగుదురు.

రెండవది. ఇందుకు మఱియొక ప్రక్కయు గలదు. దానిని దాచిపెట్టుట న్యాయము కాదు. ఆవిరియైన ప్రతి చుక్కయు మన ఖాతానుండి పోయిన నీరే. యాసంగిలో బోరుబావులతో వరి పండించినచో పొలము చుట్టును చల్లగానే యుండును. కాని ఆ చల్లదనమును భూగర్భములోని పాతర త్రవ్వి కొనుచున్నాము. 2015, 2016 సంవత్సరములలో సింగూరు ఎండిపోయినప్పుడు త్రాగునీటికే కటకటపడితిమి. వానకాలపు నీటిని చెఱువులలో నిలిపి, ఇంకించి, ఆ మిగులును వాడుకొనుట ఆదాయమునుండి ఖర్చుచేయుట. బోరులను లోతు చేయుచు పోవుట మూలధనమును తినుట. యాసంగిలో కొంత పొలమును ఆరుతడి పైరులకు మార్చుట అందుచేత వివేకము.

మూడవది. గాలిలో తడి హెచ్చినచో ఒంటి చెమట ఆఱదు. చెమట ఆఱుటయే దేహమునకు కుండ యూఱుట వంటిది. నీరుకట్టిన పొలములో మధ్యాహ్నము పనిచేయు కూలివారికి, గాలి ఉష్ణోగ్రత తక్కువయని చెప్పి పని పొడిగించుట ప్రమాదకరము. ఎండకాలమున పని తెల్లవాఱుజామునను, సాయంకాలమునను పెట్టుకొనుట, నడుమ నీడయు నీళ్లును ఏర్పఱచుట గ్రామపెద్దలు నియమముగా చేయదగిన పని. దీనికి పైస ఖర్చు లేదు.

నాలుగవది. ఆదాయమునే తగ్గించుకొను ఉపాయమొకటి గలదు. తెల్లని తలము ఎండను వెనుకకు త్రిప్పును, నల్లనిది మ్రింగును. మిద్దెపై ఏటేట సున్నము వేసినచో గది చల్లబడును. పొలములో కొయ్యకాళ్లను తగులబెట్టి నేలను నల్లని బూడిదతో కప్పుటకంటె, వాటిని పొలముననే పఱచుట మేలు. నేల వేడి తగ్గును, తడి నిలుచును.

ఒక చెఱువు నిలిచినంతమాత్రమున దేశమంతటి వడగాడ్పు ఆగునని నేను చెప్పను. చెఱువు చల్లదనము దాని గట్టులకు కొంతదూరమువఱకే. కాని మంజీర వెంబడి చిన్నవియు పెద్దవియు నగు చెఱువులు, కుంటలు ఎన్ని గలవో ఆలోచింపుడు. 1922లో ముగిసిన పోచారపు జలాశయము మొదలు మీ ఊరి బయటి కుంటవఱకు అన్నియు ఒకే ఖాతాలోని పద్దులు. ఒక్కొక్క గ్రామము తన పద్దును సరిగా నుంచినప్పుడే క్షేత్రమంతటి మొత్తము సరిపోవును. ఈసారి పంచాయతీ సభలో చెఱువు శిఖమునుగూర్చి, కట్టమీది చెట్లనుగూర్చి ప్రస్తావన వచ్చినప్పుడు, ఎకరమునకు దినమునకు ఎన్నివేల యూనిట్ల వేడి ఎటు మఱలునో యను ఈ లెక్కను కూడ సభవారి యెదుట పెట్టుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.